చెవిటి నాగమ్మ రోడ్డు

సముద్రం అవతలి దీవిలో, కాంప్ ద మాస్క్ ఊరి పక్క చెరుకు తోటలో, మోటారు రాకముందు, రోడ్డుకి ఒకటే చట్టం ఉండేది. అది ఏ కాగితం మీదా లేదు. కూలీల మీద సర్దార్ ఎంకన్న నోట్లోనూ అతని చేతికర్రలోనూ ఉండేది. తోట దొరని అందరూ పెద్ద మిస్యె అనేవాళ్ళు. పెద్ద మిస్యె గుర్రబ్బండి వస్తోందంటే కూలివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. నెత్తిన బరువుంటే దించాలి. బండివైపు తిరిగి, నుదుటికి చెయ్యి తగిలించి, చక్రాలు దాటిపోయేదాకా అలాగే నిలబడాలి. దొరకి వీపు చూపించడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

నాగమ్మ ఈ చట్టం నేర్చుకున్నది కాపురానికొచ్చిన కొత్తలో. ఆమె పుట్టిన పిటాన్ తోట కూలీల కాంపులో దొర ఎప్పుడో గాని కనబడేవాడు కాదు, కనబడినా పక్కకి ఒదిగితే సరిపోయేది. ఇక్కడా అంతే అనుకుంది. ఒకరోజు చెరుకాకు మోపు నెత్తిన పెట్టుకుని పోతుంటే వెనక గిట్టల చప్పుడయింది. మర్యాదగా గట్టు పక్కకి జరిగి, నడక ఆపకుండా పోయింది. బండి ఆగింది. మిస్యె రెండు ముక్కలేవో అని వెళ్ళిపోయాడు. ఎంకన్న వచ్చి కర్రతో మోపుని ఒక్క పోటు పొడిచాడు. మోపు వెళ్ళి కాలవలో పడింది.

"ఏటే కొత్త కోడలా, మిస్యెకి ఈపు సూపిత్తావా? మీ పిటానోళ్ళు ఇదేనా నేర్పినారు?"

"తప్పుకున్నాను గదా బావూ."

"తప్పుకోమని ఎవులన్నారే? సలాం ఎట్టాల. రా, ఇక్కడ నిలబడు. నేర్సుకుందువు గాని."

ఆ ఎండలో ఆమెని రోడ్డు పక్క నిలబెట్టి, పోయే ప్రతిదానికీ సలాం పెట్టించాడు. చెరుకు బళ్ళకి పెట్టించాడు. "ఎద్దులకీ ఎట్టు. ఆటికి నీకంటే మర్యాద తెలుసు." అన్నాడు. చివరికి ఒక గజ్జికుక్క కాలు ఈడ్చుకుంటూ వస్తే దానికీ పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. చేలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె మొగుడు అప్పలస్వామి ఆ వరసలోనే చెరుకు నరుకుతున్నాడు. అతను నవ్వలేదు. చేతిలో కత్తి వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

అప్పలస్వామి చెడ్డవాడు కాదు. పెళ్ళాన్ని కొట్టేవాడు కాదు, తాగి కాలవల్లో పడేవాడూ కాదు. తల దించుకోవడం బాగా వచ్చినవాడు, అంతే. సాయంత్రం అన్నం కలుపుతూ, "పోనీలేవే నాగీ. సలామే గదా. సెయ్యేటి అరిగిపోద్దా?" అన్నాడు.

నాగమ్మ ఆ తరవాత ఎప్పుడూ సలాం తప్పలేదు. గిట్టల చప్పుడు చెవిన పడితే చాలు, ఆలోచన కన్నా ముందు మోకాళ్ళు వంగేవి, మోపు కిందికి జారేది, ఒళ్ళు దానంతటదే తిరిగేది. నిద్రలో కూడా చెయ్యి నుదుటిమీదికి పోయేదని అప్పలస్వామి అనేవాడు.

వాళ్ళకి పిల్లలు నిలవలేదు. ఎర్రావు ఒకటి ఉండేది. తోట పని దిగాక నాగమ్మ కొడవలి పట్టుకుని రోడ్డు గట్లమీద గడ్డి కోసి, మోపు కట్టి తెచ్చేది. ఆ మోపులు ఎంతుండేవంటే, వెనకనుంచి చూస్తే మనిషి కనబడదు. గడ్డికి రెండు కాళ్ళు మొలిచి నడిచిపోతున్నట్టుండేది. గడ్డి నెత్తిన ఉన్న మనిషి మెడ తిప్పి చూడలేదు. చూడాలంటే మొత్తం ఒళ్ళు తిప్పాలి. దించాలంటే మోకాళ్ళు మడిచి, మోపుని ఒక పక్కకి వాల్చి, మెల్లగా జార్చాలి. గుర్రబ్బండి అయితే దీనికంతటికీ వ్యవధి ఉండేది. గుర్రం చప్పుడు వంతెన దగ్గరనుంచే వినబడేది.

పెద్ద యుద్ధానికి ఒకటి రెండేళ్ళ ముందు పోర్ట్ లూయిస్ రేవులో ఓడ దిగి మోటారు వచ్చింది. ఇత్తడి దీపాలు, తోలు సీట్లు, పక్కన రబ్బరు బుడ్డ ఉన్న బూర. గుర్రబ్బండి తోలే మార్సెల్‌నే దానిమీద కూర్చోబెట్టారు. మార్సెల్ క్రియోల్ మనిషి, పాత బానిసల సంతతి, అప్పటిదాకా గుర్రాల లద్దె ఎత్తినవాడు, పొడుగు బూట్లు తొడిగేసరికి ఎవరినీ గుర్తు పట్టడం మానేశాడు.

మోటారు వచ్చిన ఆదివారం ఎంకన్న కాంపు వాళ్ళందరినీ పిలిచి చెప్పాడు. "ఇనండర్రా. ఇది గుర్రం కాదు, కల్లెం లాగితే ఆగదు. సర్కారు కొత్త రూలెట్టింది. మార్సెల్ బూర ఊదతాడు. ఊదగానే మీరు రోడ్డొదిలి పక్కకి గెంతాల."

రంగమ్మ అని నాగమ్మ పక్కింటి మనిషి ఉండేది. నోరు ఊరుకునేది కాదు. "మరి సలామో బావూ? గెంతడం ముందా, సలాం ముందా?" అంది.

అందరూ నవ్వారు. ఎంకన్న నవ్వలేదు. "రెండూ" అన్నాడు.

"రెండూ ఎలగ బావూ? గెంతుతా సలాం ఎడితే కోతులనుకుంటాడు మిస్యె."

"ఇప్పుడు మాత్రం ఏటనుకుంటన్నాడే?" అన్నాడు ఎంకన్న. ఈసారి అతనే ముందు నవ్వాడు.

అలా ఆ రెండు చట్టాలూ ఒకే రోడ్డుమీద పడ్డాయి. బూర వింటే గెంతి, ఆ తరవాత తిరిగి సలాం పెట్టేవాళ్ళు. కొన్నాళ్ళు ఏమీ కాలేదు.

అయింది వెదుర్ల మలుపు దగ్గర. పొద్దు వాలుతోంది. నాగమ్మ గడ్డి మోపుతో రోడ్డు మధ్యన నడుస్తోంది, పక్కన కాలవ నిండి గట్టు జారుతోందని. వెనక మోటారు ఉరుము వినబడింది. బూర వినబడలేదు. ఆమె ఒక్క క్షణం బూర కోసం చూసింది. బూర లేదంటే గెంతక్కర లేదు. గెంతక్కర లేకపోతే పాత చట్టమే. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. మోపు పక్కకి వాలింది, జారింది, రోడ్డు మధ్యన కూర్చుంది. ఆమె ఒళ్ళు తిప్పి, మోటారుకి ఎదురుగా నిలబడి, నుదుటికి చెయ్యెత్తింది.

మోటారు మోపుని గుద్ది, మోపుతో పాటు ఆమెని ఈడ్చింది. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది, చెరుకు గడ విరిచినట్టు. మార్సెల్ ఆపాడు. దిగి ముందుగా దీపం పగిలిందేమో చూసుకున్నాడు. తరవాత ఆమె మీద తన క్రియోల్ భాషలో అరిచాడు, చెవిటిదానివా, మోటారు వినబడలేదా అని. వెనక సీట్లో పెద్ద మిస్యె గడియారం తీసి చూసుకున్నాడు. మార్సెల్ చక్రంలో ఇరుక్కున్న గడ్డి పీకి అవతల పారేశాడు. మోటారు వెళ్ళిపోయింది. నాగమ్మ చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది.

సైకిలు మీద పోతున్న పోలీసు ఒకడు ఆమెని చూశాడు కాబట్టి అది కేసయింది. లేకపోతే అయ్యేది కాదు. ఆ పోలీసు మర్నాడు ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. బూర మోగిందా అని అడిగాడు.

"మోగనేదు బాబూ. మోగితే గెంతేదాన్ని గదా."

"అయితే తప్పు మోటారుదే" అన్నాడతను కాంపుల్లో అందరికీ తెలిసిన భోజ్‌పురిలో. "రోడ్డు సర్కారుది. నడిచేవాళ్ళకీ దానిమీద హక్కుంది. మోటారువాడు బూర ఊదాలి, నిదానించాలి, మీరు తప్పుకునేదాకా ఆగాలి. చట్టం అలాగే ఉంది."

ఆ మాట నాగమ్మకి కాలినొప్పి కన్నా గట్టిగా తగిలింది. కట్టు కట్టిన కాలుతో పడుకుని, పైకప్పు వంక చూస్తూ అదే అనుకుంది. తను అన్నాళ్ళూ నడిచింది దొర రోడ్డు కాదట. తను ఆగనక్కరలేదట, వాడే ఆగాలట. పక్క మంచం ముసలమ్మకి ఈ సంగతి చెప్పింది. ముసలమ్మ, "జొరమొచ్చినాదేటే నీకు?" అని నుదురు తడిమి చూసింది.

కాలు వంకరగా అతుక్కుంది. ఇంటికొచ్చిన రెండో రోజు సాయంత్రం ఎంకన్న గుమ్మంలోకి వచ్చి, ఆవుని చూస్తూ నిలబడ్డాడు. నాగమ్మ లోపల చాపమీద ఉంది.

"ఆవు బాగుందిరా అప్పలస్వామీ. పాలెన్నిత్తంది?"

"ఏదో బావూ, మీ దయ."

"ఆ పాక తోటది. ఈ గది తోటది. ఆవు తినే గడ్డీ తోటదే." ఎంకన్న కర్రని గోడకి ఆనించాడు. "కోర్టులో మార్సెల్ బూర ఊదినానంటాడు. నీ పెళ్ళాం ఊదనేదంటది. అప్పుడేటవుద్ది? మార్సెల్ ఉద్యోగం పోద్ది. మిస్యె పేరు కోర్టులో పడద్ది. ఆ మర్నాడు నీ సామాను రోడ్డుమీద పడద్ది. ఆ రోడ్డుమీద హక్కుందంట గదా మీకు!"

"మరి ఏటి సెయ్యమంటారు బావూ?"

"అది సెవిటిదని సెప్పు. బూర మోగినాది, దానికి ఇనపడనేదు. ఎవుల తప్పూ కాదు."

"అది సెవిటిది కాదు గదా బావూ."

"అవుద్ది" అన్నాడు ఎంకన్న.

లోపలినుంచి నాగమ్మ అరిచింది. "నాకు ఇనపడతంది!"

"ఇనపడకూడదు" అని ఎంకన్న కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పలస్వామి చాలాసేపు ఆవు దగ్గరే నిలబడ్డాడు. లోపలికొచ్చి చాప అంచున కూర్చున్నాడు.

"మావా, బూర మోగనేదు" అంది నాగమ్మ. "నిజంగా మోగనేదు. నీకు తెలుసా?"

"తెలుసే."

"మరి సెప్పు. ఆ రోడ్డు మనదీనంట. పోలీసు సెప్పినాడు."

"పోలీసు సెప్పి సైకిలెక్కి ఎల్లిపోతాడే నాగీ. మనం ఎక్కడికెల్తాం?"

"నా కాలు పోనాది మావా."

"కాలు పోనాది. గది కూడా పోవాలా?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

కోర్టులో చెప్పుల్లేనివాళ్ళంతా వెనక బెంచీల మీద కూర్చున్నారు. మెజిస్ట్రేటు పడుచువాడు, ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని ఉన్నాడు. పక్కన తెలుగు వచ్చిన దుబాసీ. మార్సెల్ ఆ రబ్బరు బుడ్డ బూరని మోటారునుంచి ఊడదీసి తెచ్చి, బల్లమీద పెట్టి, మూడుసార్లు ఊదానని ప్రమాణం చేశాడు. అప్పలస్వామి లేచి, నా పెళ్ళానికి చెవుడని ప్రమాణం చేశాడు. ఎప్పటినుంచి అని అడిగితే జ్వరం వచ్చినప్పటినుంచి అన్నాడు. ఏ జ్వరం అని అడిగితే ఎంకన్న వైపు చూశాడు.

మెజిస్ట్రేటుకి నమ్మకం కుదరలేదు. దుబాసీని పిలిచి ఏదో చెప్పాడు. దుబాసీ బూర తీసుకుని నాగమ్మ వెనక్కి వెళ్ళాడు.

ఆమెకి అడుగుల చప్పుడు వినబడింది. రబ్బరు బుడ్డ నలిగే కిర్రు కూడా వినబడింది. ఎదురుగా అప్పలస్వామి ఉన్నాడు. ప్రమాణం చేసిన చెయ్యి ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు. తను తల తిప్పితే అబద్ధపు ప్రమాణానికి అతన్ని జైల్లో వేస్తారు. అతను ఆమె కళ్ళలోకి చూస్తున్నాడు. అంతలా ఆమె వంక అతను పెళ్ళిలో కూడా చూడలేదు.

బూర చెవి పక్కన గర్జించింది. గుమస్తా సిరా ఒలకబోసుకున్నాడు. వెనక బెంచీలో ఎవరో అమ్మోరి పేరు తలచుకున్నారు. నాగమ్మ గోడమీద ఈగ వంక చూస్తూ, రెప్ప కూడా కదపకుండా నిలబడింది. మళ్ళీ ఊదారు. ఈగ ఎగిరిపోయింది. ఆమె కదల్లేదు.

డ్రైవరు తప్పు లేదని కేసు కొట్టేశారు. వినబడని మనిషిని సర్కారు రోడ్డుమీదికి ఒంటరిగా వదిలినందుకు మెజిస్ట్రేటు అప్పలస్వామిని చీవాట్లు పెట్టి, ఇక మీదట తోడు లేకుండా పంపొద్దన్నాడు.

బయట చెట్టుకింద ఎంకన్న పడీ పడీ నవ్వాడు. "ఓలమ్మో నాగమ్మా! ఏం సేసినావే! కొయ్యబొమ్మలాగ! నాకే నిజమనిపించినాది!"

నాగమ్మ కుంటుకుంటూ పోతోంది.

"ఒలే, నిన్నే!"

ఆమె తిరగలేదు. ఇంటికొచ్చాక అప్పలస్వామి తలుపు దగ్గరికి వేసి, "ఇంక సాలే నాగీ. ఎవులూ నేరు. మాటాడు" అన్నాడు. ఆమె పొయ్యి ఊదుకుంటోంది. అతను భుజం తట్టాడు. ఆమె ఉలిక్కిపడి, చెవి చూపించి, వినబడదని చెయ్యూపింది.

అదే ఆమె చెవుడు. మొదట కోపంతో మొదలుపెట్టింది. తరవాత కాంపులో ఎవరైనా పసిగట్టి పోలీసుకి చేరవేస్తే మొగుడు జైలుకి పోతాడన్న భయంతో సాగించింది. ఆ తరవాత కోపమూ భయమూ అరిగిపోయాయి గాని చెవుడు మిగిలింది. నోరు కూడా దానితో పాటే పోయింది. వినబడనివాళ్ళకి మాట ఎందుకు? మోటారు దెబ్బకే చెవులు పోయాయని కాంపు నమ్మింది. చెవిటి నాగమ్మ అని పేరు పడింది. కుళాయి దగ్గర ఆమె ఎదుటే ఆడవాళ్ళు ఆమె గురించి మాట్లాడుకునేవాళ్ళు. "గొడ్రాలు, కుంటిది, ఇప్పుడు సెవిటిది. అప్పలస్వామి ఇంకోదాన్ని తెచ్చుకుంటే బాగుండును" అని రంగమ్మ అంటుంటే, నాగమ్మ ఆమె బిందె కిందికి తన చెయ్యి పెట్టి నెత్తికెత్తి పంపించేది. రామభజనలో దీపం దగ్గర కూర్చుని, అందరి నోళ్ళవంకా చూస్తూ ఉండేది. పాటలన్నీ వచ్చు. పెదవి కదిపేది కాదు.

అప్పలస్వామి మొదట బతిమాలాడు. తరవాత తిట్టాడు. తరవాత అలవాటు పడ్డాడు. ఒక్కోసారి ఆవు పాలు పితుకుతూ ఆవుతో చెబుతున్నట్టు చెప్పేవాడు, ఆమె పక్కనే కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతుంటే. "నాను బయపడ్డానే. ఇంకేటీ నేదు. బయపడ్డాను. నువ్వు తల తిప్పుంటే బాగుండునని ఇప్పుడనిపిస్తంది. జైల్లో అన్నమైనా ఎట్టేవోరు, నువ్వు తిట్టేదానివి, ఇనేవోడిని." నాగమ్మ చేట ఒకసారి చెరిగింది. నోరు తెరవబోయింది. అంతలో రోడ్డుమీద ఎవరిదో దగ్గు వినబడింది. రాయి ఒకటి దొరికితే బయటికి విసిరేసింది.

కోర్టు మాట ప్రకారం ఆమె ఎక్కడికి పోయినా అప్పలస్వామి తోడు రావాలి. గడ్డికి ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు. అతను ముందు, ఆమె వెనక. పెద్ద మోపు అతనిది. కుంటి కాలు కాబట్టి ఆమెది చిన్నది, చంకలో ఇమిడేపాటిది.

యుద్ధం అయింది. విషజ్వరాలు వచ్చి కాంపులో సగం గదులు ఖాళీ చేసి పోయాయి. వీళ్ళిద్దరూ బతికారు. మిస్యె కొత్త మోటారు కొన్నాడు, మొదటిదానికన్నా పెద్దది. డ్రైవరు మార్సెలే. అతనిప్పుడు బూర అసలు ముట్టుకునేవాడే కాదు. ముట్టుకోకపోతే ఏమవుతుందో ఒకసారి కోర్టులో చూశాడు కదా.

మళ్ళీ ఆ వెదుర్ల మలుపే. ఈసారి వీళ్ళు మలుపు వైపు నడుస్తున్నారు. అప్పలస్వామి రోడ్డు మధ్యన, గడ్డి చెవుల మీదుగా భుజాలదాకా వేలాడుతోంది. అలా గడ్డి కప్పుకున్నవాడికి ఆకుల గలగల తప్ప ఇంకేమీ వినబడదు. నాగమ్మకి వినబడింది. మలుపు అవతల ఉరుము. దగ్గరవుతోంది. బూర లేదు. ఆమె ఆగింది. బూర మోగుతుందని ఆగింది. మోగలేదు.

"మావా! బండి! పక్కకి!"

ఏళ్ళ తరబడి వాడని గొంతు. కొడవలి రాతిమీద గీసినట్టు వచ్చింది. అప్పలస్వామి ఆగిపోయాడు. బండి అన్న మాట అతను విన్నాడో లేదో. విన్నది ఆ గొంతునే. మోపుతో సహా ఒళ్ళంతా తిప్పి, మలుపుకి వీపు పెట్టి, ఆమెవైపు తిరిగాడు. గడ్డి కింద అతని ముఖం కనబడింది. నోరు తెరుచుకుంది. నవ్వబోతున్నాడు.

"ఇనపడతందా నాగీ? నీకు ఇనపడత..."

అంతే. మోటారు అతని వీపుమీదికి వచ్చింది.

మార్సెల్ దిగాడు. ఈసారి దీపం వంక చూసుకోలేదు. టోపీ తీసి, నాగమ్మని చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. చెవిటిది, పరవాలేదు అనుకుని ఉంటాడు.

రెండో కేసులో మెజిస్ట్రేటు మారాడు, ముసలివాడు. దుబాసీ మారలేదు. మార్సెల్ బూర ఊదానని మళ్ళీ ప్రమాణం చేశాడు. ఊదితే ఆ మనిషి తప్పుకోకపోగా వీపు తిప్పి నిలబడ్డాడన్నాడు. వెనక ఎంకన్న తల పంకించాడు. దొరకి వీపు చూపించడం ఎంత తప్పో అతనికి తెలుసు.

నాగమ్మ లేచింది. "బూర మోగనేదు బాబూ" అంది. "నాను అక్కడే ఉన్నాను. నాకు ఇనపడతది."

కోర్టులో కలకలం పుట్టింది. దుబాసీ తెల్లబోయి ఆ మాట తిప్పి చెప్పాడు. ఎంకన్న చేతులు కట్టుకుని లేచాడు. "పిచ్చిది బాబూ. మొగుడు పోయిన దుక్కం. కాంపంతా అడగండి, సెవిటిది. నోళ్ళు సూసి మాటాడేస్తంది." రంగమ్మని అడిగారు. రంగమ్మ నాగమ్మ వంక చూసింది. కుళాయి దగ్గర తను అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి. ముఖం పాలిపోయింది. "సెవిటిదే బాబూ" అంది. "సెవిటిదే అయ్యుండాల."

"ఊదండి" అంది నాగమ్మ. "ఎనక్కెల్లి ఊదండి. ఆ రోజు ఊదినట్టే."

దుబాసీ బూర పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. వంగి, బూర కన్నా ముందు, చెవిలో గుసగుసగా అన్నాడు: "సెవిటిదానిలాగే ఉండు తల్లీ. ఇంటికెల్లిపోదువు."

బూర మోగింది. నాగమ్మ గిరుక్కున తిరిగి దుబాసీ కళ్ళలోకి చూసింది. "ఇనపడింది" అంది.

మెజిస్ట్రేటు ముందుకు వంగాడు. అయితే మొదటి కేసులో ఊదిన రోజు కూడా వినబడిందా అని అడిగాడు.

"ఇనపడింది బాబూ."

అయితే నువ్వూ నీ మొగుడూ కోర్టుని మోసం చేశారా?

"సేసినాం బాబూ. సెయ్యమన్నారు." ఆమె ఎంకన్న వైపు చెయ్యి చూపించింది. ఎంకన్న జాలిగా తల అడ్డంగా ఊపాడు.

మెజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, నింపాదిగా చెప్పాడు. దుబాసీ తలొంచుకుని తిప్పాడు. ఈ మనిషి చెవిటిదైతే బూర సంగతి ఈమెకి తెలిసే వీలు లేదు. చెవిటిది కాకపోతే ఒకసారి ఈ కోర్టులోనే అబద్ధం నటించిన మనిషి. ఎలా చూసినా ఈమె మాట పనికిరాదు. చనిపోయినవాడు అబద్ధపు ప్రమాణం చేసినవాడు. విధవరాలు కాబట్టి ఈమెని శిక్షించడం లేదు. వెళ్ళొచ్చు.

బయటికొచ్చాక ఎంకన్న నవ్వలేదు. "ఆ రోజు బాగా సేసినావు, ఈ రోజు పాడు సేసుకున్నావు" అన్నాడు, పనిలో తప్పు చూపించినట్టు. "పద. గది కాళీ సెయ్యాల. మొగోడు నేని మనిషికి తోట గదివ్వదు."

ఆవుని ఎంకన్న పాకలోకి తోలుకుపోయారు. నాగమ్మని రంగమ్మ తన వంటపాకలో పడుకోనిచ్చింది, ఆ రోజు కోర్టులో అన్నదానికో ఏమో. కాంపువాళ్ళు మాత్రం ఆమెని చెవిటి నాగమ్మ అనే పిలిచారు. ఆమె వింటుందని ఒప్పుకుంటే తాము ఆమె ఎదుట అన్నవన్నీ ఆమె విన్నదని ఒప్పుకోవాలి. ఎవరికి కావాలి అది? కొన్నాళ్ళకి నాగమ్మ కూడా తిరిగి మాట మానేసింది.

గడ్డి మాత్రం మానలేదు. ఆవు లేకపోయినా కోసేది, రంగమ్మ మేకలకి. ఇప్పుడు తోడు వచ్చేవాడు లేడు. ఒంటరిగా, కుంటుతూ, రోడ్డు సరిగ్గా నడి మధ్యన నడిచేది. బళ్ళవాళ్ళు అరిచి అరిచి, "సెవిటిది గదా" అని ఎద్దుల్ని పక్కకి లాక్కుపోయేవాళ్ళు. తపాలా బండీ ఆగింది. పోలీసు సైకిలూ చుట్టూ తిరిగి పోయింది. ఆ తోటలో చెప్పుల్లేని కాళ్ళకి దారిచ్చి బళ్ళు ఆగడం అదే మొదలు.

ఒక సాయంత్రం వెనకనుంచి పెద్ద మిస్యె మోటారు వచ్చింది. మార్సెల్ బూర నొక్కాడు. ఇప్పుడు నొక్కుతున్నాడు. మిస్యె ఏదో గొణిగాడు. ఆ మనిషితో మూడో కేసు వద్దనే అయి ఉంటుంది. మోటారు నిదానించి, మనిషి నడకన, కుంటి మనిషి నడకన, ఆమె వెనక పాకింది. చేలో పనివాళ్ళు కత్తులు దించి చూస్తున్నారు. ఎవరూ సలాం పెట్టడం కూడా గుర్తు తెచ్చుకోలేదు.

గట్టుమీదినుంచి రంగమ్మ కంగారుగా కేకేసింది. "ఒలే నాగీ! ఎనకాల మిస్యెనే! తిరగవే!"

నాగమ్మ ఆగింది. మోకాళ్ళు వంచింది. మోపుని ఒక పక్కకి వాల్చి, మెల్లగా, ఏళ్ళ తరబడి దించినట్టే రోడ్డు మధ్యన దించింది. ఎంకన్న దూరంనుంచి చూసి, సలాం పెట్టబోతోందనుకుని కర్ర దించాడు.

ఆమె తిరగలేదు. మోటారుకి వీపు పెట్టి మోపుమీద కూర్చుంది. వంకర కాలు చాపుకుని, మోకాలి కింద ఒత్తుకోవడం మొదలుపెట్టింది.

బూర మోగింది. మళ్ళీ మోగింది. మార్సెల్ ఆ రబ్బరు బుడ్డ పగిలిపోయేలా నొక్కుతున్నాడు. నాగమ్మ గడ్డిలోంచి ఒక ఎండు పుల్ల ఏరుకుని, పళ్ళు కుట్టుకుంటూ కూర్చుంది.